గిల్లేసిన మొగ్గలు

ఆగస్టు 7, సోమవారం. నికిని పౌర్ణమి

పొద్దున తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళాను. నందసీలి అక్క నా పక్కనే కూర్చుంది. ఆమెకు ఎడమకన్ను పోయి ఏడాది దాటింది. కుడికంట్లో ఇప్పుడు వెదురుగొట్టంలోంచి చూసినంత మేరే కనబడుతోందట. నరం ఎండిపోతోందని, దాన్ని ఆపడం కుదరదని క్యాండీ ఆసుపత్రి డాక్టరు చెప్పేశాడు.

అందరం కలిసి పంచశీలాలు చెబుతుంటే రెండోదాని దగ్గర, ఇవ్వనిదాన్ని తీసుకోను అనే దగ్గర, నాకు దగ్గు వచ్చింది. గుడి గోడలకు సున్నం వేస్తున్నారు. ఒకటే దుమ్ము.

మెట్లు దిగేటప్పుడు అక్క నా మోచేయి పట్టుకుంది. "చూపు ఎలాగూ పోతుంది చెల్లీ, దానికి ఏడవను. పోయేలోపు నా మబ్బు మందారాన్ని ఇంకొక్కసారి చూసుకుని ఉంటే బావుండేది. అది నా చూపుకంటే ముందే పోయింది" అంది.

ఇంటికి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింటి వెనక్కి వెళ్ళాను. బట్టల తీగ చాటున ఉన్న కుండీలో మబ్బుకు మొదటి మొగ్గ వచ్చింది. బొటనవేలంత. కొసన బూడిదరంగు తొంగిచూస్తోంది. గిల్లేశాను. అంటు కట్టి ఐదు నెలలైనా నిండలేదు. మొదటి మొగ్గను ఉంచితే మొక్క బలం పోతుంది. ఎవరైనా గిల్లేస్తారు.

అంటు కట్టిన ఆ పుల్ల అక్క తోటలో కింద పడి ఉంది. నేను తీసుకున్నాను. అంతే.

ఆగస్టు 10

ఇంకో రెండు.

ఆగస్టు 13, ఆదివారం

ఆయన పొద్దున తువ్వాలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చి, నేల మీద పడి ఉన్న మొగ్గను చెప్పుతో కదిపి చూశారు.

"మొగ్గలు వాటంతటవి రాలుతున్నాయా, నువ్వు రాలుస్తున్నావా?"

"పిండినల్లి పట్టింది. అందుకని తీసేస్తున్నాను."

"ఎండలో పెట్టాల్సిన మొక్కను దుప్పట్ల వెనకాల ఎందుకు పెట్టావు మరి?"

నేను పోల్ సంబోల్ పచ్చడి కోసం కొబ్బరి తురుముతూ ఉండిపోయాను. ఆయన నవ్వారు. "ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్ లేనివాళ్ళను పట్టుకున్నాను శ్రియానీ. వాళ్ళందరూ నీలాగే వేరే వైపు చూసేవాళ్ళు."

ఆయనకు వేళాకోళం ఎక్కువ. ఏమీ తెలియదు.

ఆగస్టు 20, ఆదివారం

అక్క రమ్మంది. వెళ్ళకపోతే అనుమానం వస్తుంది. అనుమానం ఎందుకు రావాలి? వెళ్ళకపోతే బాధపడుతుంది, అందుకని వెళ్ళాను.

వాన వెలిసి ఎండ కాసింది. అక్క ఇంటి ముందు ఎత్తున ఉన్న నేలంతా మందారాలే. నలభై కుండీలు. పళ్ళెమంత పూలు. నారింజ, ఊదా, తేనెరంగు, ఒకే పువ్వులో మూడు రంగులు. అన్నీ ఎండకు మొహం తిప్పి విప్పుకుని ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే ఎంత దిగులున్నా మనిషి తేలికవుతాడు. ఇరవై ఆరేళ్ళుగా నేను అక్కడికి వెళ్ళేది అందుకే. పోస్టాఫీసులో పక్కపక్క కిటికీల్లో కూర్చున్నప్పటి నుంచీ అక్కకు ఈ పిచ్చి ఉంది. సెలవు రోజున ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది, కాయ కట్టాక దారం చుట్టి, గింజలు నాటి, రెండేళ్ళు ఆగి, వచ్చిన పువ్వు బాగాలేకపోతే పీకేసి మళ్ళీ మొదలుపెట్టేది. మబ్బు రావడానికి పదకొండేళ్ళు పట్టింది. అలాంటి మొక్క ఇంకెక్కడా లేదు.

చచ్చిపోయిన మబ్బు మోడును ఆమె ఇంకా పారేయలేదు. నన్ను దాని ముందు కూర్చోబెట్టి నా వేలు పట్టుకుని కొమ్మ మీద పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ తడిమి చూడు. ఏటవాలుగా కోశారు. విరిగింది కాదు, కత్తితో కోసింది. కడగని కత్తి. ఆ కోత దగ్గర నల్లబడి, వానలకు కిందికి దిగి, మొదలు దాకా పోయింది."

"వానకు కూడా కుళ్ళుతాయి కదా అక్కా."

"మిగతా నలభై కుళ్ళలేదు. ఆ టికిరి బండే. తొమ్మిదేళ్ళు నా తోటపని చేసి నా ఇంట్లో అన్నం తిన్నాడు. కోసి నర్సరీవాడికి ఇచ్చుంటాడు. దొంగ అని గేటు దగ్గర అందరి ముందూ అన్నాను. మళ్ళీ అంటాను."

నేను వేలు వెనక్కి తీసుకున్నాను. మాట్లాడకపోవడం అబద్ధం చెప్పడం కాదు.

ఆగస్టు 29

గెలిఒయ సంతలో టికిరి బండ ఎదురుపడ్డాడు. వంతెన దగ్గర ఎవరిదో ఇల్లు కడుతుంటే ఇసుక మోస్తున్నాడట. భుజం మీద చర్మం లేచిపోయి ఉంది. యాభై ఐదేళ్ళ మనిషి. మొక్కల దగ్గర తప్ప ఇంకో పని చేసినవాడు కాదు.

"నోనా అమ్మగారూ, బావున్నారా? అక్క కన్ను ఎలా ఉంది?"

అతను ముందు అడిగింది అదే.

"అలాగే ఉంది. నువ్వు ఇంకెక్కడా తోటపని చూసుకోలేదా బండా?"

"ఎవరు పిలుస్తారు? ఆ మాట అందరి చెవిలోనూ పడింది. గేటు లోపలికి రానివ్వరు." తల గోక్కున్నాడు. "మీ మాటంటే అక్కకు గురి నోనా. నేను కోయలేదని మీరొకసారి చెప్పి చూడండి. నాకు పని ఇవ్వక్కర్లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటే చాలు."

చెబుతానన్నాను. చేపలు కొనకుండానే వచ్చేశాను.

సెప్టెంబర్ 2

ఆకులు పసుపు తిరుగుతున్నాయి. నీడలో ఉంచితే చచ్చిపోతుంది. చస్తే అన్నీ తీరిపోతాయి కదా అనుకుని రెండు రోజులు నీళ్ళు పోయలేదు. ఈ పొద్దున చూస్తే వాలిపోయి ఉంది. ఏడుపొచ్చింది. మొత్తం కుండీని ఈడ్చుకొచ్చి ముందు వాకిట్లో ఎండలో పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. పదింటికల్లా మళ్ళీ తలెత్తింది.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా వాకిట్లో ఉంచుతాను. ఆ వేళప్పుడు ఎవరూ రారు.

సెప్టెంబర్ 5. బినర పౌర్ణమి

గుడికి వెళ్ళలేదు. మోకాలు నొప్పి. నిజంగానే నొప్పిగా ఉంది.

సెప్టెంబర్ 11, సోమవారం



పదకొండు గంటలకు త్రీవీలర్ చప్పుడైంది. నేను లోపల పప్పు తాలింపు వేస్తున్నాను. బయటికి వచ్చేసరికి అక్క అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. కుండీకి రెండడుగుల దూరంలో. అందులో మర్నాటికి విప్పుకునే మొగ్గ ఒకటి, వేలంత పొడవు, బూడిదరంగు మెలితిరిగి బయటికి వచ్చేసి ఉంది. మందారాలు పెంచేవాళ్ళు ఎవరు చూసినా ఆనవాలు పట్టేస్తారు.

"ఆసుపత్రి నుంచి వస్తూ దిగాను. మోకాలు ఎలా ఉందో చూద్దామని." చెయ్యి గాలిలో పెట్టి నడుస్తూ ఆకును తాకింది. ఆగిపోయింది. "ఇదేంటి? కొత్తదా?"

"ఎర్రది అక్కా. మామూలు ఎర్ర మందారం."

"ఆకు మందంగా ఉందే."

"పేడ ఎక్కువైంది."

ఆమె ఇంకో ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఈనె వెంట నెమ్మదిగా కొస దాకా రాసింది. పక్క ఆకు మీదికి చెయ్యి జరిపింది. మొగ్గకు జానెడు దూరం. నేను ఆమెకూ కుండీకీ మధ్యలోకి వెళ్ళి భుజాలు పట్టుకున్నాను. "లోపలికి రా అక్కా, ఎండ మండిపోతోంది. టీ పెడతాను, బెల్లం ముక్క ఉంది" అన్నాను.

అక్క గంటసేపు కూర్చుంది. నిమ్మళంగా టీ తాగింది. వెళ్ళేటప్పుడు ఆ కుండీ వైపు తల తిప్పింది. తెలిసిందా? తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. తెలియలేదు.

ఆమె వెళ్ళాక ఆ మొగ్గ ముందు చాలాసేపు కూర్చున్నాను. రేపు పొద్దున ఆరింటికల్లా విప్పుకునేది.

గిల్లేశాను. పదకొండోది.

సెప్టెంబర్ 12

ఆ పుల్ల కింద పడి లేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం ఎక్కడ పెట్టుకోను?

మార్చి నెలలో అక్క ఇంటికి క్యాండీ నుంచి ఆరేడుగురు మందారాలవాళ్ళు వచ్చారు. మబ్బు నాలుగు పూలు పూసి ఉంది. అందరూ దాని చుట్టూ చేరారు. నాకొక పుల్ల ఇవ్వు అక్కా అని నేను వాళ్ళ ముందే అడిగాను. మూడు కాలాలు పూసి నిలబడితే గానీ ఎవరికీ ఇవ్వనంది. నాకు కూడానా అన్నాను. "నీకు అసలివ్వను. నీ చేతిలో పెడితే దాని మీద తపాలా ముద్ర కొట్టేస్తావు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళు లోపల కిరిబత్ పాలన్నం తింటుంటే చేతులు కడుక్కుంటానని బయటికి వచ్చాను. అరుగు మీద టికిరి బండ కత్తి ఉంది. అప్పటిదాకా దాంతో అతను కుళ్ళిన అరటి మొదలు నరికాడు. ఆ మట్టి, ఆ రసం దాని మీదే ఉన్నాయి. చూశాను. తుడవలేదు. ఎవరైనా వస్తారని తొందర. పెన్సిలంత కొమ్మ కోసి తడిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. కత్తిని ఎక్కడిది అక్కడే పెట్టాను.

మా అమ్మమ్మ ఇంటి ముందు మందారం నాటనిచ్చేది కాదు. పూర్వం చంపడానికి తీసుకెళ్ళేవాళ్ళ మెడలో ఆ పూలే వేసేవారట. చిన్నప్పుడు నవ్వేదాన్ని.

మొక్కను చంపింది నేను. దొంగ అనిపించుకున్నది అతను.

సెప్టెంబర్ 16

మూడు మొగ్గలు గిల్లాను. పద్నాలుగు. రాశాక కూడా గిల్లాను.

సెప్టెంబర్ 19, మంగళవారం

అక్క ఫోన్ చేసింది. పొద్దున లేచేసరికి కిటికీ ఎటుందో తెలుసుకోవడానికి కాసేపు పట్టిందట. తర్వాత చూపు కొంచెం తేరుకుందట.

"ఇక వీటికి నేను నీళ్ళు పోయలేను చెల్లీ. నలభై కుండీలూ నువ్వే తీసుకో. వాన తగ్గాక లారీ పిలుద్దాం."

"నేనెందుకు అక్కా?"

"ఇంకెవరికి ఇస్తాను? నా మొక్కల్ని ముట్టుకోవడానికి నేను నమ్మే చెయ్యి నీదొక్కటే."

పాలు పొంగిపోతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పొయ్యి మీద ఏమీ లేదు.

సెప్టెంబర్ 24

ఒక మొగ్గను వదిలేశాను. మూడు రోజుల్లో విప్పుకుంటుంది. చీమలు ఎక్కకుండా కొమ్మకు నూనె రాశాను. వాన పెద్దగా పడితే రాలిపోతుందని గొడుగు కట్టాను.

ఆయన కిటికీలోంచి అంతా చూస్తున్నారు. సాయంత్రం వచ్చి, "త్రీవీలర్‌కు ఎప్పుడు చెప్పమంటావు?" అన్నారు. వేళాకోళం లేదు. నేనేమీ చెప్పకుండానే ఆయనకు ఎంత తెలుసో అడగలేదు.

"బుధవారం పొద్దున" అన్నాను.

సెప్టెంబర్ 27, బుధవారం

రాయాలి. జరిగింది జరిగినట్టు.

ఆరున్నరకు విప్పుకుంది. మార్చి తర్వాత నేను ఆ పువ్వును చూడటం ఇదే మొదటిసారి. చూస్తూ నిలబడటానికి మనసొప్పలేదు. త్రీవీలర్‌లో కుండీని కాళ్ళ మధ్య పెట్టుకుని, పువ్వుకు గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వెళ్ళాను.

అక్క వాకిట్లో ఉంది. కుండీ ఆమె ముందు పెట్టి, "మబ్బు, అక్కా" అన్నాను.

ఆమె కూర్చుండిపోయింది. కుడికన్ను పువ్వుకు ఆనించేంత దగ్గరగా పెట్టి, తల కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో రేకునూ చూసింది. ఎంతసేపు చూసిందో. రేకు మీద కన్నీళ్ళు పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడ దొరికింది? నర్సరీవాడి దగ్గరేనా? బండ అమ్మిన పుల్లేనా ఇది?"

ఊఁ అంటే సరిపోయేది. ఆమే నా నోటికి అందించింది. అన్నీ అక్కడితో ముగిసిపోయేవి, ఆమె నన్ను కావలించుకునేది కూడా. ఆ ఒక్క అక్షరం నోటి దాకా వచ్చింది.

"కాదక్కా. నేనే కోశాను. మార్చిలో. బండ కత్తితోనే, తుడవకుండా."

అక్క పువ్వు మీంచి కన్ను తీయలేదు.

"ఇదే మొదటి పువ్వా?"

"అవును."

"మార్చి అంటే... ఈపాటికి మొగ్గలు వచ్చి ఉండాలే?"

"వచ్చాయి. గిల్లేశాను. నువ్వు చూస్తావని."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"పద్నాలుగు పొద్దులు" అంది అక్క. గొంతు పెంచలేదు. "ఆగస్టులో నాకు ఇంతకంటే బాగా కనబడేది."

నేను కాళ్ళ మీద పడబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నాకు కాదు. వెళ్ళి బండను తీసుకురా. సాయంత్రానికి ఇది ముడుచుకుంటుంది. ఆలోపు తీసుకురా."

వంతెన దగ్గరికి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. బండ ఇసుక తట్టతో పలక మెట్లు ఎక్కుతున్నాడు. కింద నిలబడి పిలిచాను. అంతా చెప్పాను. తట్ట తల మీదే ఉంచుకుని విన్నాడు.

"నెమ్మదిగా చెప్పారు నోనా. అక్క నన్ను అన్నది నెమ్మదిగా కాదు." తట్ట దించి, పైనున్న వాళ్ళను కేకేశాడు. "ఒరే, కాస్త పని ఆపండి. ఈ నోనా ఏదో చెబుతుందట."

మేస్త్రీ, నలుగురు కూలీలు, సిమెంటు కలిపే ఆడమనిషి. అందరూ వచ్చి నిలబడ్డారు. మొక్క కొమ్మను కోసింది నేను, ఇతను కాదు, ఇతన్ని దొంగ అంటుంటే విని ఊరుకున్నాను అని చెప్పాను. ఎవరో నవ్వారు. "ఒక పుల్ల కోసమా?" అంది ఆ ఆడమనిషి. పుల్ల కోసమే.

"ఇక రా బండా. అక్క ఎదురుచూస్తోంది."

"ఐదింటికి పని అయిపోతుంది. అప్పుడొస్తాను."

"అప్పటికి పువ్వు ముడుచుకుంటుంది."

"ముడుచుకోనివ్వండి. పని మధ్యలో వదిలేసి పోయాడన్న మాట కూడా పడమంటారా?"

ఇటుకల గుట్ట మీద కూర్చున్నాను. మధ్యాహ్నం వాళ్ళు అన్నం పొట్లాలు విప్పుకున్నారు. నన్నెవరూ పలకరించలేదు. ఐదింటికి అతను కాలువలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, చొక్కా వేసుకుని బయలుదేరాడు. త్రీవీలర్ పిలుస్తానంటే వద్దన్నాడు. అతను ముందు, నేను వెనక.

అక్క పొద్దున కూర్చున్న కుర్చీలోనే ఉంది. రేకుల అంచులు లోపలికి చుట్టుకుంటున్నాయి, మధ్య భాగం ఇంకా తెరుచుకునే ఉంది. అడుగుల చప్పుడుకు లేచి నిలబడింది.

"బండా."

"నేనే అక్కా."

"చూసి అనలేదు. తెలిసి అనలేదు. కోపంలో నోటికొచ్చిన పేరు నీది. తప్పు నాది" అని రెండు చేతులూ జోడించింది.

అతను ఆ చేతుల వైపు చూడలేకపోయాడు. కుండీ పక్కన గొంతుక్కూర్చుని మట్టిలో వేలు గుచ్చాడు. "ఇదేం మట్టి? బంక. నీళ్ళు దిగవు. ఇంకో వారం ఉంటే వేరు కుళ్ళేది."

"మార్చు."

"ఇసుక ఉందా?"

"నువ్వు పెట్టిన చోటే ఉంది."

అతను ఇంటి వెనక్కి వెళ్ళాడు. పార శబ్దం వినిపించింది. నేనింకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాను.

"శ్రియానీ" అంది అక్క, నా వైపు తిరగకుండానే. "గేటు వేసి వెళ్ళు."

సెప్టెంబర్ 28

అన్నం వండాను. ఆయన తిన్నారు. నేనూ తిన్నాను.

అక్టోబర్ 5. వప్ పౌర్ణమి

గుడికి వెళ్ళాను. ఊరంతటికీ తెలిసింది. నా పక్కన చాప ఖాళీగానే ఉండిపోయింది. అక్క ముందు వరుసలో ఉంది. ఆమెను మెట్లు దింపింది బండ భార్య.

అక్టోబర్ 12, గురువారం

బస్సుకు అక్క ఇంటి ముందునుంచే వెళ్ళాలి. రోజూ తల వంచుకుని వెళ్తున్నాను. ఇవాళ లోపల అక్కా బండా వాదించుకుంటుంటే విని ఆగాను.

"బూడిదరంగే అక్కా. ఎన్నిసార్లు అడుగుతారు?"

"బూడిదలో ఎన్ని రకాలు లేవు! పొయ్యిలో బూడిదా, పావురమా, వాన ముందు కొండా? పదకొండేళ్ళు కన్నాను దీన్ని. ఈ కొత్త పువ్వును ఇంత దగ్గర పెట్టుకున్నా ఇప్పుడు నాకు తెల్లగానే ఉంది."

"నాకు అంతే తెలుసు." అతను తల ఎత్తి నన్ను చూశాడు. "శ్రియాని నోనా గేటు బయట ఉంది."

నేను వెళ్ళిపోదామని అడుగు తీశాను.

"అక్కడినుంచి కనబడుతోందా?"

"కనబడుతోందక్కా."

"అయితే చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

బండ కుండీని గేటు వైపు తిప్పాడు. నేను కమ్మీలు పట్టుకుని చెప్పాను. రేకుల అంచు లేత ఊదా. లోపలికి వచ్చేకొద్దీ పావురం మెడ రంగు, ఎండ పడినచోట కాస్త మెరుపు. నడిమధ్యన ముదురు ఎరుపు, తమలపాకు నమిలిన నోటిలా. ఆ ఎరుపు నుంచి సన్నటి గీతలు బయటికి వెళ్తున్నాయి, మూడు రేకుల మీద ఎక్కువ, రెండింటి మీద తక్కువ. మార్చిలో కంటే పువ్వు చిన్నది, నా పెంపకం వల్ల అయి ఉంటుంది.

"ఇంకా?"

కింది రేకు కొసన పురుగు కొరికేసిందని, అక్కడ చిన్న కన్నం ఉందని కూడా చెప్పాను.